పచ్చదీపం ఆరకూడదు

"ఆరిపోయింది! ఒసే సుహైలా, ఆరిపోయిందే! నా కొంప మునిగింది!"

రక్తపరీక్షల ల్యాబు నుంచి అప్పుడే వచ్చి ఒక చెప్పు విప్పి, రెండోది విప్పబోతున్న సుహైలా, తల్లి కేక విని ఒంటిచెప్పుతోనే ముందుగదిలోకి పరుగెత్తింది. కొత్తవాళ్లెవరైనా ఆ కేక వింటే ఇంట్లో ఎవరో పోయారనుకుంటారు. పోయింది మనిషి కాదు. అద్దాల బీరువా మీద, కాలం చేసిన ఇంటాయన ఫొటో పక్కన, అరచేతిలో పట్టేంత పాటల పెట్టె ఒకటుంది. బూడిదరంగు గుడ్డ తొడుగు, పేరు నగమ్. దాని నుదుట పెసరగింజంత పచ్చదీపం. అది వెలుగుతుంటే పెట్టె నెట్‌కి కలిసి ఉన్నట్టు, ఆరితే తెగినట్టు. ఇక్కడ మన్సూరాలో తెగిన సంగతి అక్కడ కువైట్‌లో తామిర్ ఫోనులో ఎర్రచుక్కై కనబడుతుంది. తల్లి ఇన్సాఫ్ గుండెదడంతా ఆ ఎర్రచుక్క గురించే.

తామిర్‌కీ సుహైలాకీ నిశ్చితార్థమై నాలుగేళ్లు. పెద్దలు కూర్చుని ఫాతిహా చదివారు, బంగారం పెట్టారు, పక్క వీధిలో అతని తల్లి కరీమా పై అంతస్తు కట్టించడం మొదలుపెట్టింది. ఆ అంతస్తుకి ఈరోజుకీ తలుపుల్లేవు. పావురాలు మాత్రం కాపురం పెట్టాయి.

మా ఊళ్లో నిశ్చితార్థం చెడిందంటే లోకం అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే. ఎవరు వద్దన్నారు? అబ్బాయి వద్దంటే బంగారం పిల్లకే, జాలీ పిల్లమీదే. పిల్ల వద్దంటే బంగారంతో పాటు ఇచ్చిన ప్రతి వస్తువూ తిరిగి పంపాలి, ఆపైన మాటలు పడాలి. అందుకని తెలివైన ఇళ్లల్లో చచ్చిన సంబంధాన్ని ఎవరూ పూడ్చరు. అవతలివాళ్లు గునపం పట్టేదాకా ముక్కు మూసుకుని కూర్చుంటారు. నా మట్టుకు నాకు ఇది తెలివి అనిపించదు గానీ, నన్నెవరడిగారు?

పోయిన పండక్కి సెలవు మీద వచ్చినప్పుడు తామిర్ తన ఏర్పాటు చెప్పాడు. పెళ్లయ్యాక సుహైలా ల్యాబు మానేయాలి. కువైట్ తీసుకెళ్లడం కుదరదు. అమ్మ దగ్గర ఉండాలి, తను ఏడాదికి ఒక నెల వస్తాడు. చెప్పడం కూడా కూరలో ఉప్పు సంగతి చెప్పినంత తేలిగ్గా చెప్పాడు. అంటే తను మనువాడబోయేది తామిర్‌ని కాదు, కరీమా వంటింటిని అని సుహైలాకి అర్థమైంది. ఆ రాత్రే తల్లికి చెప్పేసింది.

"అమ్మా, నాకీ సంబంధం వద్దు."

"వద్దంటే వద్దు," అంది ఇన్సాఫ్, ఏ మాత్రం తొణక్కుండా. "కానీ ఆ మాట నువ్వు అనకూడదు. వాడి చేత అనిపించాలి."

"ఎలా అనిపిస్తావ్?"

"ఊరుకుంటే వాడే అంటాడు. మగాళ్లకి ఓపికెక్కడిది?"

ఓపిక ఉంది. ఎందుకంటే అవతల ఉన్నది కరీమా. ల్యాబు మానమంటే ముఖం ముడిచిన కోడలు ఆవిడకీ అక్కర్లేదు. ఆవిడ కూడా కొడుక్కి అదే పాఠం చెప్పింది. నువ్వు అనకు, పిల్ల చేత అనిపించు. తామిర్ ఫోన్లు మానేశాడు. పలకరింపు లేదు, సందేశం లేదు. కానీ తనే వదిలేశాడని రేపు ఎవరూ వేలు చూపించకుండా, రోజూ రాత్రి ఇషా నమాజు వేళ దాటాక కువైట్ నుంచి ఆ పెట్టెలో ఒక ప్రేమపాట పెడతాడు. ఒక్కటే. హాజరు పట్టీలో సంతకంలా. ఈ ఇంటి సంతకం పచ్చదీపం. అది వెలుగుతున్నంత కాలం అతని బహుమతి వీళ్లింట్లో గౌరవంగా ఉన్నట్టు. ఆరిందా, "చూశారా, మా వాడి పెట్టెని విసిరికొట్టారు, పిల్లే కాదంది" అని కరీమా వీధంతా చాటుతుంది. ఆవిడ ఈపాటికే ఆ మాటలు బట్టీ పట్టి ఉంటుంది కూడా.

ఇంత పరువు మోసే పెట్టె కాస్త గట్టిదై ఉండొచ్చు కదా! కాదు. కువైట్ బజార్లో చవగ్గా దొరికిన సరుకు. కరెంటు పోయి వస్తే నెట్ పేరు మర్చిపోతుంది. ఉక్కపోస్తే బిగుసుకుపోతుంది. పాట మధ్యలో ఆగి, "కలుపుతున్నాను, దయచేసి ఆగండి" అని ఆడగొంతుతో అని, ఇక గంటసేపు ఏమీ కలపదు. దాని దీపం ఆరకుండా కాపాడే ఉద్యోగం సుహైలాకి పడింది. ఎవరి నుంచి వదిలించుకోవాలనుకుంటోందో వాడి తాడు తెగకుండా రోజూ తనే ముడి వేస్తోంది. ఆ సంగతి తలుచుకుంటే ఆమెకి ఒళ్లు మండిపోయేది.

ఆ సాయంత్రం కూడా ఒంటిచెప్పుతోనే బీరువా ముందు నిలబడి, నగమ్ సాయం నంబరుకి ఫోన్ కలిపింది.

"నగమ్ కుటుంబానికి స్వాగతం. మీ సంతోషమే మా రాగం. చెప్పండి, మీరు యజమానా, అతిథా?"

"పెట్టె మా ఇంట్లో ఉందండీ. దీపం ఆరిపోయింది."

"పెట్టె ఎవరి పేరు మీద ఉందండీ?"

"తామిర్ అని... నాకు నిశ్చయమైన ఆయన."

"అయితే మీరు అతిథి."

"మా ఇంట్లో నేను అతిథినా?"

"మా దగ్గర నమోదు అలా ఉందండీ. యజమాని గారి ఫోనుకి ఒక కోడ్ పంపిస్తున్నాను. అది చెబితే మళ్లీ కలుపుతాను."

ఇదీ అసలు నరకం. కోడ్ కువైట్ వెళుతుంది. తామిర్ సుహైలాతో మాట్లాడడు, సుహైలా తామిర్‌ని అడగదు. కాబట్టి ఇన్సాఫ్ కరీమాకి ఫోన్ చేయాలి, కరీమా కొడుక్కి చేయాలి, కొడుకు తల్లికి చెప్పాలి, తల్లి ఇక్కడికి చెప్పాలి. ఈలోగా కోడ్ గడువు తీరిపోతుంది. మళ్లీ మొదటికి.

"ఏమిటి ఉమ్ సుహైలా, మళ్లీ ఆరిందా?" కరీమా గొంతు ఫోనులోంచి తేనెలా కారింది. ఉమ్ అంటే అమ్మ, తల్లుల్ని మా దగ్గర బిడ్డ పేరుతోనే పిలుస్తారు. "పాపం మా వాడు కంగారుపడ్డాడు. మీరే తీసి పక్కన పడేశారేమోనని."

"అయ్యో ఉమ్ తామిర్! పడేస్తామా? అది మా కంటివెలుగు కాదూ!" ఇన్సాఫ్ కళ్లు మాత్రం పెట్టెని కాల్చేసేలా చూస్తున్నాయి.

"నాకు తెలుసు కదమ్మా మీ సంగతి. ఇదిగో రాసుకో, ఏడు..."

మూడోసారికి కోడ్ అందింది. పచ్చదీపం వెలిగింది. ఇన్సాఫ్ చున్నీతో పెట్టె మీద దుమ్ము తుడిచి, ఊపిరి పీల్చుకుని, మొలూఖియా ఆకుకూర వేడి చేయడానికి వెళ్లింది. సుహైలా అప్పుడు రెండో చెప్పు విప్పింది.

"అమ్మా, దాన్ని తీసుకెళ్లి ఇచ్చేద్దాం. ఇంకెన్నాళ్లు?"

"ఇచ్చేస్తే ఎవరు తెంచినట్టు?"

"నేనే తెంచాను అని చెప్పు. నిజమే కదా."

"నిజాన్ని నెత్తిన పెట్టుకుని ఊరేగు! నోరు మూసుకుని తిను," అంది ఇన్సాఫ్. "ఇంకొన్నాళ్లు. వాడే అంటాడు."

ఆ "ఇంకొన్నాళ్లు" అనే మాట ఆ ఇంట్లో రొట్టె కన్నా ఎక్కువ ఖర్చవుతుండేది. ల్యాబులో తోటివాళ్లు ఇస్మాయిలియాలో కొత్త శాఖ పెడుతున్నారు, వస్తావా అని అడిగారు. సుహైలా వస్తానని చెప్పలేకపోయింది, రానని చెప్పలేకపోయింది. ఊరు కదిలితే పారిపోయిందంటారు. ఇంట్లో ఉంటే రాత్రయ్యేసరికి బీరువా మీద నుంచి పాట మొదలవుతుంది. చెవుల్లో దూది పెట్టుకుని పడుకున్నా గోడలోంచి వినబడేది. పాడేవాడు నిన్ను తప్ప ఎవరినీ చూడనంటాడు. పెట్టినవాడు సుహైలాని చూసి ఆరు నెలలైంది.

అలా ఉండగా ఒక గురువారం రాత్రి తామిర్ ప్రేమపాట బదులు ఊరేగింపు పాట పెట్టాడు. పెళ్లికూతుర్ని హాల్లోకి నడిపిస్తూ డప్పులు, బాకాలు మోగిస్తారే, ఆ పాట. ఎగతాళికి పెట్టాడో, వేలు జారిందో అతనికే తెలియాలి. పాట సగంలో ఉండగా కరెంటు పోయింది. పెట్టెలో బ్యాటరీ ఉంది కనుక పాట ఆగలేదు. కరెంటు వచ్చాక పెట్టె బిగుసుకుపోయింది. దీపం పచ్చగానే ఉంది. పాట అయిపోయింది, మళ్లీ మొదలైంది. అయిపోయింది, మళ్లీ మొదలైంది.

శుక్రవారం పొద్దున్నకి కూడా డప్పులు మోగుతూనే ఉన్నాయి.

సుహైలా మీట నొక్కింది. పని చేయలేదు. గొంతు తగ్గించే మీట లోపలికి పోయి ఇరుక్కుంది. తీగ పీకబోతే ఇన్సాఫ్ చెయ్యి పట్టుకుంది.

"తీగ ముట్టుకోకు! దీపం బాగానే ఉందిగా!"

"దీపం బాగుంది. మన తలకాయలు పగులుతున్నాయి."

"పగలనీ. నీ పెళ్లికి ఎలాగూ ఈ పాట వినే యోగం లేదు, ఇప్పుడే విను."

సాయం నంబరుకి ఫోన్ చేస్తే అదే జవాబు. పాట ఆపాలంటే యజమాని ఆపాలి. ఇన్సాఫ్ గొంతు సవరించుకుని కరీమాకి ఫోన్ చేసింది. కరీమా కొడుకుని అడిగి చెప్పింది. "మా వాడి ఫోనులో అంతా సవ్యంగానే ఉందట ఉమ్ సుహైలా. పాట తనంతట తను ఆపనంటున్నాడు. ఆపితే మీరేమనుకుంటారోనని." ఆ మాట వెనక ఎంత లెక్క ఉందో ఇన్సాఫ్‌కి తెలుసు. పాట ఆపడం కూడా తెంచడమే అవుతుందేమోనని అక్కడ భయం.

దుప్పట్లో చుట్టారు. డప్పు దుప్పట్లోంచి ఇంకా లోతుగా వినిపించింది. బీరువాలో పెట్టారు, గాజుగిన్నెలు కూడా పాడటం మొదలుపెట్టాయి. చివరికి ఇన్సాఫ్ దాన్ని పట్టుకెళ్లి గ్యాసుపొయ్యి కింద అవెన్‌లో పెట్టి తలుపు మూసింది. చప్పుడు కొంచెం తగ్గింది. కానీ దీపం కనబడకపోతే ఆవిడకి ప్రాణం నిలవదు. రవ్వతో చేసే బస్‌బూసా మిఠాయి గోధుమరంగు తిరిగిందా లేదా అని చూసినట్టు, మాటిమాటికీ వంగి, అవెన్ తలుపు తీసి చూసేది. తీసినప్పుడల్లా ఊరేగింపు వంటింట్లోకి దూకేది. మెట్లదారి వైపు ఉన్న వంటింటి కిటికీ అద్దం పగిలి ఉంది. అది ఎవరికీ గుర్తు లేదు.

జుమా నమాజు అయి మగవాళ్లు ఇళ్లకి వస్తున్న వేళ, మెట్లమీద నుంచి నాలుక ఆడిస్తూ పెట్టే పొడుగాటి శుభకేక ఒకటి లేచింది. ఎదురింటి ఫిర్దౌస్‌ది. ఆవిడ కేక పెట్టిందంటే వీధి చివర ఇస్త్రీకొట్టు దాకా వినబడుతుంది. దాని వెనక పై అంతస్తు నుంచి ఇంకొకటి, కింద నుంచి మరొకటి.

మా దగ్గర ఒక ఇంట్లో పొద్దున్నించీ ఊరేగింపు పాట మోగుతోందంటే దానికి అర్థం ఒక్కటే. ముహూర్తం పెట్టుకున్నారు. పాటల పెట్టె పాడైందని ఎవరనుకుంటారు?

"వెయ్యి ముబారకులు ఉమ్ సుహైలా!" ఫిర్దౌస్ తలుపు తోసుకుని వచ్చేసింది. చేతిలో పంచదార పొట్లం, వెనక నలుగురు ఆడవాళ్లు. "నాకు చెప్పకుండా దాచావా? ఎదురింటిదాన్ని! పొద్దున్నే డప్పులు విని మా ఆయనతో అన్నాను, ఇదిగో, నాలుగేళ్లకి ఆ పిల్లకి మంచిరోజు వచ్చిందని!"

ఇన్సాఫ్ నోరు తెరిచింది. లేదు, పెళ్లి లేదు, అని చెప్పాలి. కానీ పెళ్లి లేదని ఈ ఇంటివాళ్ల నోటినుంచి వస్తే ఎవరు తెంచినట్టు? నోరు మూసుకుంది. మళ్లీ తెరిచింది.

"దేవుడు మీ ఇంట్లో కూడా ఇలాంటి శుభం చూపించాలి," అంది.

సుహైలా వంటింటి గుమ్మంలో కొయ్యబారిపోయింది. "అమ్మా!"

"సిగ్గుపడుతోంది," అంది ఫిర్దౌస్, ఆమె రెండు బుగ్గలూ ముద్దుపెట్టుకుంటూ. "పోవే, షర్బత్ కలుపు. ఎర్రది కలుపు."

షర్బత్ కలుపుతుండగానే కరీమా వచ్చింది. ఎవరో ఫోన్ చేసి ముబారక్ చెప్పారట. మెట్లెక్కిన ఆయాసంతో, కోపంతో, ఏం జరుగుతోందో అర్థం కాని కంగారుతో గుమ్మంలో నిలబడింది. లోపల ఆడవాళ్లంతా ఆమె వైపు తిరిగారు. ఫిర్దౌస్ ఇంకో కేక పెట్టింది.

ఆ క్షణంలో కరీమా ముఖం చూసి ఉండాల్సింది. "మాకు తెలియకుండా ఏమిటిది?" అనే మాట పెదవి దాకా వచ్చింది. కానీ అంటే ఏమవుతుంది? పెళ్లికొడుకు తల్లి నిండు సభలో పెళ్లి లేదంది అవుతుంది. ఆవిడ ఆ మాటని మింగింది. మింగడం అందరికీ కనబడింది.

"అవును మరి," అంది నవ్వు తెచ్చిపెట్టుకుని. "శుభమే కదా."

ఇద్దరు తల్లులూ ఎదురెదురు కుర్చీల్లో కూర్చున్నారు. ఇద్దరికీ పెళ్లి అక్కర్లేదు. ఇద్దరికీ నోరు లేదు.

"ఇంతకీ ఎప్పుడు?" అంది ఫిర్దౌస్.

"ఉమ్ తామిర్ చెప్పాలి," అంది ఇన్సాఫ్ వెంటనే, బంతి అవతలికి విసిరి. ఇప్పుడైనా 'ఇప్పట్లో కాదు' అంటుందని ఆశ.

"పిల్లవైపువాళ్లు ఎప్పుడంటే అప్పుడే," అంది కరీమా. "మాదేముంది? పండగ తర్వాత అన్నా మేం సిద్ధం." ఇన్సాఫ్ వెనక్కి తగ్గుతుందని ఆవిడ ఆశ.

"పండగ తర్వాతా? మంచిది. మేం కాదనం."

"గురువారం అయితే..."

"గురువారమే."

"హాలు దొరుకుతుందో లేదో!"

"మా బావగారి కొడుకుదే హాలు," అంది వెనకనించి ఒకావిడ. "ఇప్పుడే అడుగుతాను." ఫోన్ తీసింది. మాట్లాడింది. "ఖాళీగా ఉందట! రాసుకోమన్నాను!"

కేకలు లేచాయి. కరీమా షర్బత్ గ్లాసు తాగకుండానే బల్లమీద పెట్టేసింది. ఇన్సాఫ్ చున్నీ అంచు మెలిపెడుతోంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్న చూపులో, నువ్వు ఆపవే అంటే నువ్వు ఆపవే అన్న దేబిరింపు తప్ప ఇంకేం లేదు. ఎవరూ ఆపలేదు.

సుహైలా ట్రే పట్టుకుని అక్కడే నిలబడి ఉంది. ఇంతకాలం తనని ఒక వాకిట్లో ఆపి ఉంచారనుకుంది, ఏదో ఒక రోజు తలుపు తీస్తారనుకుంది. ఇప్పుడు కళ్లముందే, ఎవరికీ అక్కర్లేని పెళ్లిలోకి తోసేస్తున్నారు. ఇంకో పది నిమిషాలైతే హాలుకి బయానా కూడా ఇచ్చేస్తారు. ఎవరో చెడ్డవాళ్లయి చేస్తున్నది కాదు ఇది. మర్యాదగా, షర్బత్ తాగుతూ చేస్తున్నారు. ఆమెకి ఏడుపు రాలేదు, భయం వేసింది. నిజమైన భయం.

ట్రే బల్లమీద పెట్టి వంటింట్లోకి వెళ్లింది. అవెన్‌లో డప్పులు మోగుతున్నాయి. ఫోన్ తీసి సాయం నంబరు నొక్కింది.

"నగమ్ కుటుంబానికి స్వాగతం. మీ సంతోషమే మా రాగం. నేను మాహీని."

"పొద్దున్న చేశాను. అతిథిని. పాట ఆగడం లేదు."

"చూస్తున్నానండీ. పాట యజమాని గారే ఆపాలి. కోడ్ పంపించమంటారా?"

"వద్దు. కోడ్ లేకుండా అతిథి చేయగలిగింది ఏమీ లేదా? ఒక్కటి కూడా లేదా?"

అవతల మీటలు నొక్కిన చప్పుడు. "ఒక్కటుందండీ. అతిథి తన ఇంట్లో ఉన్న పెట్టెని వదులుకోవచ్చు. అప్పుడు పెట్టెలో ఉన్నదంతా చెరిగిపోతుంది, పాట ఆగుతుంది, దీపం ఆరిపోతుంది. యజమానికి సందేశం వెళుతుంది, అతిథి తనంతట తాను వెళ్లిపోయారు అని. మళ్లీ కలపడం కుదరదు. మామూలుగా మేం ఇది చెప్పం."

"ఎందుకు చెప్పరు?"

"ఎవరూ అడగరండీ."

సుహైలా అవెన్ తలుపు తీసింది. ఫోనులో సరేనంటే చాలు, ఇక్కడే, ఎవరూ చూడకుండా అయిపోతుంది. చెయ్యి చాచి ఆగింది. ఇక్కడ ఆరితే ఏమవుతుంది? అమ్మ మళ్లీ కొంప మునిగిందంటుంది. చవక సరుకు, పాడైపోయింది అంటుంది. కువైట్ నుంచి ఇంకో పెట్టె వస్తుంది. దానికీ దీపం ఉంటుంది. గురువారం గురువారంగానే ఉంటుంది.

మోగీ మోగీ వేడెక్కిన పెట్టెని గుడ్డతో పట్టుకుని ముందుగదిలోకి నడిచింది. డప్పులు గదిలోకి రాగానే ఫిర్దౌస్ చప్పట్లు మొదలుపెట్టింది, ఒకావిడ నడుం ఊపింది కూడా. సుహైలా పెట్టెని షర్బత్ గ్లాసుల మధ్య పెట్టి, ఫోనుని అందరికీ వినబడేలా చేసి పక్కన పెట్టింది.

"చెప్పండి మాహీ. ఏం చేయాలి?"

"వెనక మీట నొక్కి పట్టుకోండి. ఈ మాటలు రికార్డవుతున్నాయండీ. మీ పేరు, మీ నిర్ణయం స్పష్టంగా చెప్పాలి." గొంతు మారి, చదువుతున్నట్టుగా అడిగింది. "మీరు ఎవరి బలవంతం లేకుండా, మీ ఇష్టప్రకారమే చెబుతున్నారా?"

చప్పట్లు ఆగాయి. నిఖా రోజున పెళ్లి రాసే పెద్దమనిషి పిల్లని అడిగే మాట అది. ఆ గదిలో ప్రతి ఆడదాన్నీ ఒకప్పుడు ఎవరో ఒకరు అలాగే అడిగారు.

"ఏమిటే ఇది?" ఇన్సాఫ్ సగం లేచింది. "ఎవరే ఆ పిల్ల?"

"ఔను," అంది సుహైలా, మీట నొక్కి పట్టుకుని. "నా పేరు సుహైలా. నా ఇష్టప్రకారమే చెబుతున్నాను. నేను వెళ్లిపోతున్నాను. నాకు తామిర్ వద్దు, ఈ పెళ్లి వద్దు. ఎవరు వద్దన్నారని అడిగితే నేనే. అతను కాదు, మా అమ్మ కాదు. నేను."

ఫోను అవతల మీటలు నొక్కిన చప్పుడు.

"నమోదు చేశానండీ," అంది మాహీ మెల్లగా.

డప్పు మధ్యలో తెగింది. పచ్చదీపం రెండుసార్లు కొట్టుకుని ఆరిపోయింది. రాత్రి నుంచి మోగీ మోగీ ఆగిన చప్పుడు కదా, గదికి చెవుడొచ్చినట్టయింది. కింద వీధిలో వేరుశనగల బండివాడి గంట వినబడింది.

ముందు తేరుకున్నది కరీమా. "విన్నారుగా!" అంటూ లేచింది. పండగ నుంచీ బిగబట్టిన ఊపిరంతా ఒక్కసారి వదిలింది. "అందరూ విన్నారుగా! అదే అంది, సొంత నోటితో అంది! మేం అనలేదు! మా వాడు ఆఖరి రోజు దాకా పాట పెట్టాడు!"

"అవునత్తయ్యా. అతను అనలేదు," అంది సుహైలా. "బంగారం లోపల డబ్బాలో ఉంది. పెట్టె ఇదిగో. అన్నీ తీసుకెళ్లండి."

"ఆ ఉంగరం కూడా!"

సుహైలా కుడిచేతి ఉంగరం లాగింది. రాలేదు. మెలితిప్పింది, కణుపు దగ్గర ఆగిపోయింది. పళ్లు బిగించి లాగింది, వేలు ఎర్రబడింది. నాలుగేళ్లలో వేలు లావెక్కిందో, ఉంగరమే మొదటినుంచీ బిగుతో. అందరూ చూస్తున్నారు. కరీమా అరచెయ్యి చాచి నిలబడి ఉంది. ఇంత చెప్పీ ఈ రాగి కలిసిన ఉంగరం చేతిలో ఓడిపోతానా అని సుహైలాకి అప్పుడు ఏడుపొచ్చింది.

ఇన్సాఫ్ వచ్చి కూతురి మణికట్టు పట్టుకుంది. కొడుతుందనుకుని ఫిర్దౌస్ అడ్డం రాబోయింది. ఇన్సాఫ్ కూతుర్ని వంటింట్లోకి లాక్కెళ్లింది. కుళాయి తిప్పింది. గిన్నెలు తోమే సబ్బు తీసి ఆ వేలికి పట్టించి, పట్టించి, ఉంగరం కిందికి పోయేలా రుద్దింది.

"బిగబట్టకే. చెయ్యి వదులు చెయ్యి."

మెల్లగా తిప్పుతూ లాగింది. కణుపు మీదుగా ఉంగరం జారి సింకులో పడి ఖణేల్‌మంది. దాన్ని తీయడానికి ఇన్సాఫ్ వంగలేదు. కూతురి వేలు చూస్తోంది. ఉంగరం ఉన్నచోట చర్మం తెల్లగా పాలిపోయి, లోతుగా గాడి పడి ఉంది. బొటనవేలితో ఆ గాడిని నిమిరింది. చెరిగిపోతుందేమోనని మళ్లీ నిమిరింది.

"ఇంతగా ఒరుసుకుపోయిందే," అంది. "నాకొక మాట చెప్పకూడదటే?"

"చెప్పానమ్మా," అంది సుహైలా. "పండగ నుంచీ చెబుతూనే ఉన్నాను."

ఇన్సాఫ్ కుళాయి కట్టేయలేదు. ముందుగదిలో కరీమా ఉంగరం కోసం పిలుస్తున్నా వినిపించుకోకుండా, ఆ వేలిని నీళ్లకింద పట్టుకుని రుద్దుతూనే ఉంది.